లైట్ వాటర్: దేనికంటే తేలిక?

తేలిక అనే మాటలోనే తేలడం ఉంది. బరువు తక్కువ కాబట్టి తేలుతుంది, తేలుతుంది కాబట్టి తేలిక. తూకానికీ తేలడానికీ తెలుగు ఒకే మూలం నుంచి మాట చేసుకుంది, దాంతో మనకు ఏనాడూ ఇబ్బంది రాలేదు. బెండు తేలుతుంది, రాయి మునుగుతుంది, ఇందులో తికమక ఏముంది? కానీ 'లైట్ వాటర్' దగ్గరికి వచ్చేసరికి తూకం ఒక దారి, తేలడం ఇంకో దారి పడతాయి. ఒక లైట్ వాటర్‌కి ఆ పేరు తూకం వల్ల వచ్చింది, తేలడంతో దానికి పనిలేదు. ఇంకో లైట్ వాటర్‌కి తేలడం వల్లే ఆ పేరు వచ్చింది, తూచి చూస్తే అది తేలికే కాదు.

అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసే ఇంజనీరును అడగండి. "లైట్ వాటరంటే మామూలు నీళ్లేనండీ" అంటాడు. విమానాశ్రయంలో ఫైరింజను మీద ఇరవై ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషిని అడగండి. "అదా, పెట్రోలు మంటల మీద కొట్టే ఫోమ్ కదూ" అంటాడు. ఆరోగ్యానికి మంచిదని చెప్పి ప్రత్యేకమైన నీళ్లు సీసాల్లో అమ్మేవాళ్లను అడిగితే మూడో జవాబు వస్తుంది. పేరు ఒకటే, సరుకులు మూడు. మొదటిది మన కుళాయిలో వచ్చేదే. రెండోది ఆ కుళాయి నీళ్లలో చుక్క కలిసినా ప్రమాదమే.

పోనీ ఇవి ఒకదానికొకటి ఎదురుపడని లోకాలా అంటే, అదీ కాదు. అణువిద్యుత్ కేంద్రంలో అత్యవసర డీజిల్ జనరేటర్లుంటాయి, వాటికి ఇంధనం ట్యాంకులుంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ల నిండా నూనె ఉంటుంది. రియాక్టర్లో ఒక లైట్ వాటర్, ఫైర్ సెక్షన్ డ్రమ్ముల్లో ఇంకో లైట్ వాటర్ ఒకే ప్రహరీ లోపల ఉండొచ్చు. స్టోరు రిజిస్టర్లో 'లైట్ వాటర్, 200 లీటర్లు' అని ఒక్క ముక్క రాసి పెడితే చదివేవాడి తల తిరగదూ?

ఈ చిక్కు విప్పడానికి నాకు పనికొచ్చిన ప్రశ్న ఒక్కటే: దేనికంటే తేలిక? ఎక్కడ అడిగితే అక్కడ వేరే జవాబు వస్తుంది. ఆ జవాబును బట్టి ఏ నీళ్ల గురించి మాట్లాడుతున్నారో తేల్చేయొచ్చు. అన్నట్టు, లైట్ అంటే వెలుతురు అన్న అర్థం ఈ మూడింటిలో దేనికీ లేదు. 'కాంతి జలం' అని ఎక్కడైనా కనబడితే అది పొరపాటు అనువాదమే.

బరువైనది దొరికాక పెట్టిన పేరు

ఆన్‌లైన్ క్లాసులు రాకముందు 'ఆఫ్‌లైన్ క్లాసు' అనేవాళ్లెవరూ లేరు. క్లాసంటే క్లాసే. సెల్‌ఫోన్ వచ్చాకే ఇంట్లో ఉన్న ఫోను ల్యాండ్‌లైన్ అయింది. కొత్తది వచ్చినప్పుడు పాతదానికి కూడా కొత్త పేరు పెట్టాల్సి వస్తుంది. నీళ్లకు కూడా అదే జరిగింది. లక్షల ఏళ్లుగా నీళ్లు నీళ్లే. 1931లో అమెరికా రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ, ఆయన సహచరులు హైడ్రోజన్‌కి ఓ బరువైన తోబుట్టువు ఉందని కనిపెట్టారు. అదే డ్యుటీరియం. ఈ పనికి యూరీకి 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. 1933లో గిల్బర్ట్ లూయిస్ దాదాపు స్వచ్ఛమైన డ్యుటీరియం నీటిని వేరు చేసి చూపించాడు. అది భారజలం, అంటే హెవీ వాటర్. అది వచ్చాక, అది కానిదాన్ని ఏమని పిలవాలి? 'లైట్ వాటర్' పుట్టింది ఆ అవసరం నుంచే.

మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక ప్రోటాను ఉంటుంది, అంతే. డ్యుటీరియంలో ప్రోటానుతో పాటు ఒక న్యూట్రాను కూడా ఉంటుంది, అందుకని దాని బరువు దాదాపు రెట్టింపు. నీటి అణువులో రెండు హైడ్రోజన్‌లు, ఒక ఆక్సిజన్. హైడ్రోజన్‌లు రెండూ మామూలువైతే అణుభారం 18, రెండూ డ్యుటీరియం అయితే 20. ఈ కాస్త తేడా చేతికి తెలిసేంతే ఉంటుంది. లీటరు మామూలు నీళ్లు కిలో తూగితే, లీటరు భారజలం దాదాపు కిలో నూట ఐదు గ్రాములు తూగుతుంది. భారజలం 3.8 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది, 101.4 డిగ్రీల దగ్గర మరుగుతుంది. దాని ఐసు ముక్కను మామూలు నీళ్ల గ్లాసులో వేస్తే బుడుంగున మునిగిపోతుంది. ఐసు తేలుతుందని చిన్నప్పటి నుంచీ చూసిన కళ్లకు ఆ దృశ్యం వింతగానే ఉంటుంది. తూకమూ తేలడమూ కలిసే నడిచే సందర్భం ఇది. పాత తెలుగు లెక్క ఇక్కడ ఇంకా చెల్లుతుంది.

మొదటి అర్థానికి సంబంధించి జవాబు తేలిపోయింది: దేనికంటే తేలిక? భారజలం కంటే.

ఇక్కడ ఓ చిన్న మెలిక. మామూలు నీళ్లలో డ్యుటీరియం బొత్తిగా ఉండదా? ఉంటుంది. సముద్రపు నీటిలో సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి డ్యుటీరియం, అంటే పది లక్షలకు 156. లీటరు నీటిలో ఉన్న డ్యుటీరియం అంతా పోగేస్తే దాదాపు 35 మిల్లీగ్రాములు. అదంతా తీసేసి, ఆ ఖాళీల్లో మామూలు హైడ్రోజన్‌ను పెడితే లీటరుకు తగ్గే బరువు 17 మిల్లీగ్రాముల దగ్గర. కాబట్టి మనం లైట్ వాటర్ అంటున్న మామూలు నీళ్లు అచ్చమైన తేలిక నీళ్లు కావు, బరువు నీళ్లు చిటికెడు కలిసినవే. ఆ చిటికెడులోంచే భారజలాన్ని వేరు చేయాలి కాబట్టి దాని తయారీ అంత కష్టం, ఖరీదు కూడా అంతే. నార్వేలోని వెమార్క్ కర్మాగారంలో విద్యుద్విశ్లేషణతో ఆ పని చేసేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి భారజలంతో జర్మనీకి అణుబాంబుకు దారి దొరుకుతుందన్న భయంతో 1943 ఫిబ్రవరిలో నార్వే కమాండోలు ఆ కర్మాగారాన్ని దెబ్బతీశారు. మరుసటి ఏడు అదే నెలలో, మిగిలిన భారజలాన్ని తీసుకెళ్తున్న పడవను టిన్ సరస్సులో ముంచేశారు. మామూలు నీళ్ల కోసం ఎవరూ అలా ప్రాణాలకు తెగించలేదు.

తేలికలో ఇంకా తేలిక

నీళ్లన్నిటిలో డ్యుటీరియం ఒకేలా ఉండదు. సముద్రం ఆవిరయ్యేటప్పుడు తేలికైన అణువులు కాస్త సులువుగా లేస్తాయి. మేఘం వానగా కురిసేటప్పుడు బరువైనవి కాస్త ముందుగా రాలతాయి. మేఘం ధ్రువాల వైపు వెళ్లే కొద్దీ, దారి పొడుగునా కురుస్తూ పోయే కొద్దీ, దానిలో మిగిలే తేమ తేలికవుతూ వస్తుంది. అంటార్కిటికా మంచులో డ్యుటీరియం పది లక్షలకు 89 వరకూ పడిపోతుంది. నీటిలోని ఐసోటోపులను, అంటే ఒకే మూలకంలో బరువు వేరైన రకాలను కొలిచే ప్రయోగశాలలకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇచ్చే ప్రమాణాల్లో ఒకటి సముద్రపు నీటిని ఆధారం చేసుకున్నది, ఇంకొకటి ఈ అంటార్కిటికా మంచు నీళ్లు. రెండోదాని పేరులో కూడా 'లైట్' ఉంది. ఇక్కడ లైట్ అంటే భారజలం కంటే తేలిక అని అర్థం కాదు, మామూలు నీటి కంటే తేలిక అని. ప్రశ్న అదే, జవాబు మారింది.

డ్యుటీరియం తగ్గించిన నీళ్లను సీసాల్లో పోసి 'లైట్ వాటర్' అని అమ్మేది ఈ అర్థంలోనే. మాటను కచ్చితంగా పట్టుకుంటే మూడింటిలో నిజంగా తేలికైన నీళ్లు ఇవే అనాలి, కాకపోతే ఆ తేడా లీటరుకు పదిహేడు మిల్లీగ్రాములు దాటదు. క్యాన్సర్ తగ్గుతుందనీ వయసు ఆగుతుందనీ చెప్పే మాటలు మనుషుల మీద పెద్ద ఎత్తున జరిగిన, నమ్మదగిన పరీక్షల్లో రుజువు కాలేదు. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

రియాక్టర్లో తూకం ఎందుకు?

అణువిద్యుత్ వాళ్లకు నీటి బరువుతో ఏం పని? పంపులకు శ్రమ తగ్గుతుందనా? కాదు. వాళ్లకు కావాల్సింది న్యూట్రాన్ల వేగం తగ్గించేది, పుస్తకాల్లో 'మితకారి' అనేది. యురేనియంలో సులువుగా చీలే రకం యురేనియం-235. అది చీలినప్పుడు న్యూట్రాన్లు మహా వేగంగా బయటికొస్తాయి. అంత వేగంలో అవి ఇంకో యురేనియం-235ని చీల్చే అవకాశం తక్కువ. నెమ్మదిస్తే ఆ అవకాశం బాగా పెరుగుతుంది. ఎలా నెమ్మదింపజేయాలి? గోళీలాట తెలిసినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. గోళీ వెళ్లి తన సైజు గోళీనే సూటిగా కొడితే కొట్టింది అక్కడే ఆగిపోతుంది, వేగమంతా దెబ్బతిన్నదానికి పోతుంది. పెద్ద బండరాయిని కొడితే అదే వేగంతో వెనక్కి వస్తుంది. న్యూట్రాన్ బరువూ మామూలు హైడ్రోజన్ కేంద్రకం బరువూ దాదాపు సమానం. అందుకే మామూలు నీళ్లలో సుమారు 18 ఢీలకు న్యూట్రాన్ దారికొస్తుంది. డ్యుటీరియంతో అయితే 25 కావాలి, కార్బన్‌తో అయితే 115 దాకా.

ఈ లెక్కన మామూలు నీళ్లే గెలవాలి. కానీ వాటికో దుర్గుణం ఉంది: నెమ్మదింపజేస్తూనే కొన్ని న్యూట్రాన్లను మింగేస్తాయి. డ్యుటీరియంతో పోలిస్తే మామూలు హైడ్రోజన్ న్యూట్రాన్‌ను మింగే అవకాశం దాదాపు ఆరువందల రెట్లు. ప్రకృతిలో దొరికే యురేనియంలో చీలే రకం 0.7 శాతమే కాబట్టి, లైట్ వాటర్ ఇలా మింగుతూ పోతే గొలుసు చర్య నిలబడదు. రెండు దారులున్నాయి. నీళ్లను మార్చి భారజలం వాడితే యురేనియాన్ని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. నీళ్లను అలాగే ఉంచితే యురేనియాన్ని మార్చాలి, అంటే చీలే రకాన్ని 3 నుంచి 5 శాతానికి పెంచాలి. ఎక్కడో ఒకచోట ఐసోటోపులను వేరు చేసే కష్టం తప్పదు. ఆ కష్టం నీళ్ల దగ్గర పడాలా, ఇంధనం దగ్గర పడాలా అన్నదే ఒక దేశపు అణు కార్యక్రమంలో మొదటి నిర్ణయం. 'లైట్ వాటర్ రియాక్టర్' అన్న పేరు ఆ నిర్ణయాన్ని చెబుతుంది. 1954లో జలప్రవేశం చేసిన అమెరికా అణు జలాంతర్గామి నాటిలస్ ఆ దారిలోనే నడిచింది, ఆ తర్వాత వచ్చిన విద్యుత్ కేంద్రాల్లో చాలా వరకు ఆ దారినే పట్టాయి. ఈ రోజు ప్రపంచంలో నడుస్తున్న పవర్ రియాక్టర్లలో ఐదింట నాలుగు వంతుల పైమాటే లైట్ వాటర్‌వి.

మనుషుల కంటే ముందు ఈ పని ప్రకృతే చేసిందనడానికి సాక్ష్యం కూడా ఉంది. 1972లో ఫ్రాన్స్‌లో యురేనియం నమూనాలు పరీక్షిస్తుంటే, ఆఫ్రికాలోని గాబన్ దేశం ఓక్లో గని నుంచి వచ్చిన ఖనిజంలో చీలే రకం ఉండాల్సినంత లేదని తేలింది. ఎవరైనా దొంగిలించారా? విచారిస్తే బయటపడింది ఏమిటంటే, దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల కిందట ఆ ఖనిజంలోనే రియాక్టర్ తనంతట తాను నడిచింది. యురేనియం-235 త్వరగా తరిగిపోయే రకం. ఆ కాలంలో అది మూడు శాతానికి పైగా ఉండేది, అంటే ఈనాడు మనం కష్టపడి తయారుచేసుకునే ఇంధనంతో సమానం. మితకారి? రాళ్ల సందుల్లోకి ఊరిన భూగర్భజలం. ఉత్త లైట్ వాటర్. అరగంట సేపు చర్య నడిచి, వేడికి నీళ్లు ఆవిరై పోయి ఆగి, మళ్లీ రెండున్నర గంటలకు నీళ్లు చేరి మొదలయ్యేదని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

నీళ్లు పోతే చర్య ఆగడం అన్నదే లైట్ వాటర్ రియాక్టర్‌కున్న పెద్ద గుణం. కానీ ఈ పేరు దగ్గరే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. 1986 ఏప్రిల్ 26న పేలిన చెర్నోబిల్ రియాక్టర్ గొట్టాల్లో తిరిగింది కూడా మామూలు నీళ్లే. అయినా దాన్ని లైట్ వాటర్ రియాక్టర్ అనరు. అక్కడ నీళ్ల పని చల్లబరచడం మాత్రమే, న్యూట్రాన్లను నెమ్మదింపజేసే పని గ్రాఫైట్ అనే కార్బన్ రూపానిది. దాంతో కథ తలకిందులైంది. గ్రాఫైట్ తన పని తాను చేస్తూనే ఉంది, న్యూట్రాన్లను మింగే నీళ్లు ఆవిరయ్యాయి, చర్య తగ్గాల్సింది పోయి పెరిగింది. చల్లబరిచేదీ నెమ్మదింపజేసేదీ రెండూ మామూలు నీళ్లే అయితేనే లైట్ వాటర్ రియాక్టర్. నీళ్లు కనబడ్డ ప్రతి రియాక్టర్‌కీ ఆ పేరు తగిలించకూడదు. అలాగని ఆ పేరు ఉన్నంత మాత్రాన భద్రత ఖాయమనీ కాదు. 2011లో ఫుకుషిమాలో దెబ్బతిన్నవి లైట్ వాటర్ రియాక్టర్లే. అక్కడ గొలుసు చర్య ఆగింది, ఇంధనంలో మిగిలిన వేడి ఆగలేదు.

'లైట్' అనగానే 'తేలికపాటి, చిన్న' అని అర్థం చేసుకోవడం ఇంకో పొరపాటు. 1994లో అమెరికా, ఉత్తర కొరియా ఒప్పందం చేసుకున్నప్పుడు, గ్రాఫైట్ రియాక్టర్లు ఆపేస్తే బదులుగా రెండు లైట్ వాటర్ రియాక్టర్లు కట్టించి ఇస్తామన్నారు. ఏదో చిన్న సైజు బొమ్మలు ఇస్తామన్నట్టు వినిపిస్తుంది కానీ ఒక్కొక్కటీ వెయ్యి మెగావాట్ల తరహాది. ఆ రకం ఇంధనం నుంచి బాంబుకు సరిపడే ప్లుటోనియం చాటుగా తీయడం కష్టమన్నది అసలు సంగతి. ఆ రియాక్టర్లు పూర్తి కాలేదు, 2006లో ప్రాజెక్టును ముగించేశారు.

వెలుతురుకీ ఈ పేరుకీ సంబంధం లేదన్నాను. అయినా వాడిన ఇంధనాన్ని ముంచి ఉంచే నీటి తొట్టిలోకి తొంగిచూస్తే అందమైన నీలి వెలుగు కనబడుతుంది. నీటిలో కాంతి నెమ్మదిస్తుంది, కొన్ని ఎలక్ట్రాన్లు దాన్ని దాటిపోతాయి, అప్పుడు పుట్టేదే ఆ చెరెంకోవ్ వెలుగు. లైట్ వాటర్‌లో లైట్! కాకతాళీయం, అంతే.

పెట్రోలు మీద నిలిచే నీళ్లు

పెట్రోలు మంట మీద నీళ్లు కొట్టకూడదని అందరికీ తెలుసు. పెట్రోలు సాంద్రత నీటిలో ముప్పాతిక వంతు. నీళ్లు దాని కిందికి దిగిపోతాయి, పెట్రోలు వాటి మీద తేలుతూ, మండుతూ, నీళ్లు ఎటు పారితే అటు పారుతుంది. ఆర్పడానికి పోసిన నీళ్లే మంటకు వాహనమవుతాయి. అందుకే నురగ. జంతువుల కొమ్ములు, గిట్టల వంటి వాటి ప్రోటీన్ నుంచి చేసిన నురగను దశాబ్దాలపాటు వాడారు. అది చిక్కగా ఉండి వేడికి బాగానే తట్టుకుంటుంది కానీ మంట మీద నెమ్మదిగా పాకుతుంది. విమానం మంటల్లో ఉంటే లోపలి మనుషులకు అంత సమయం ఉండదు.

1960లలో అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో రిచర్డ్ ట్యూవ్, ఎడ్విన్ జబ్లాన్‌స్కీలు కొత్త రకం ఫోమ్ మీద పనిచేశారు. 1966లో పేటెంటు వచ్చింది. ఫ్లోరిన్ ఉన్న సబ్బులాంటి పదార్థాలను నీళ్లలో కలిపితే, నురగలోంచి జారిన నీళ్లు పెట్రోలు కిందికి దిగకుండా దాని మీదే పలుచని పొరలా పరుచుకున్నాయి. నీళ్లు పెట్రోలు మీద తేలాయి! చూసినవాళ్లకు దాన్ని 'తేలిక నీళ్లు' అనాలనిపించడంలో ఆశ్చర్యం లేదు. 3ఎం కంపెనీ దాన్ని 'లైట్ వాటర్' అన్న ట్రేడ్‌మార్కుతోనే అమ్మింది. ఫోటోకాపీకి జిరాక్స్ పేరు స్థిరపడినట్టు, ఆ తరం అగ్నిమాపక సిబ్బంది నోట ఈ రకం ఫోమ్ మొత్తానికీ అదే పేరు నలిగింది. శాస్త్రీయంగా దాని పేరు నీటి పొర ఏర్పరిచే ఫోమ్, వాడుకలో ఏ ట్రిపుల్ ఎఫ్.

దేనికంటే తేలిక? పెట్రోలు కంటే అని పేరు చెబుతోంది. తూచి చూడండి. ఆ పొరలో ఉన్నది దాదాపు అంతా నీళ్లే, సాంద్రత నీళ్లదే, పెట్రోలు కంటే బరువే. మరి ఎందుకు మునగదు? ఇక్కడ పనిచేస్తున్నది బరువు కాదు, తలతన్యత. ప్రతి ద్రవానికీ పైన సాగదీసిన పొర లాంటిది ఉంటుంది, వీలైతే ముడుచుకోవాలని చూస్తుంది. జాగ్రత్తగా పడుకోబెట్టిన సూది నీటి మీద నిలిచేది దాని వల్లే. నీటి తలతన్యత కొలతలో 72, పెట్రోలు తరహా ద్రవాలది 20 నుంచి 25. అందుకే మామూలు నీళ్లు పెట్రోలు మీద పరుచుకోవు, బొట్లుగా ముడుచుకుని మునుగుతాయి. ఫ్లోరిన్ సబ్బు కలిపితే నీటి తలతన్యత 15 నుంచి 17కు పడిపోతుంది. ఇప్పుడు పెట్రోలు పైపొర లాగే బలం గెలుస్తుంది. ఆ నీటిని నాలుగు వైపులా లాగి, సన్నటి పొరగా పరిచేస్తుంది. పెట్రోలు ఆవిరి పైకి రాకుండా ఆ పొర మూత వేస్తుంది, ఆవిరి లేకపోతే మండడానికి ఏమీ లేదు. పొరకు కావాల్సిన దానికంటే ఎక్కువైన నీళ్లు మాత్రం బుద్ధిగా అడుక్కే పోతాయి. అవి తేలిక కాదనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కాబట్టి ఈ లైట్ వాటర్ తేలుతుంది కానీ తేలిక కాదు. వ్యాకరణం ఒప్పుకోకపోయినా భౌతికశాస్త్రం ఒప్పుకుంటుంది.

ఇంకో తమాషా. ఈ ఫోమ్ డ్రమ్ములో వచ్చేది చిక్కటి ద్రావణం. వాడేటప్పుడు 3 శాతం రకమైతే మూడు పాళ్ల ద్రావణానికి తొంభై ఏడు పాళ్ల నీళ్లు కలుస్తాయి. అంటే మంట మీద పడే లైట్ వాటర్‌లో నూటికి తొంభై ఏడు వంతులు లైట్ వాటరే, అణు ఇంజనీరు చెప్పే అర్థంలో. అన్ని ఇంధనాల మీదా ఇది పనిచేయదు కూడా. ఆల్కహాల్, అసిటోన్ లాంటివి నీళ్లతో కలిసిపోతాయి కాబట్టి నురగలోని నీళ్లను లాగేసుకుంటాయి, పొర నిలవదు. వాటికి వేరే రకం ఫోమ్ కావాలి.

దీని అవసరం ఎంతటిదో 1967 జూలై 29న తెలిసింది. అమెరికా విమానవాహక నౌక ఫారెస్టల్ డెక్ మీద ఒక రాకెట్ పొరపాటున దూసుకెళ్లి, విమానాల ఇంధనం అంటుకుంది. కొందరు ఫోమ్ పరుస్తుంటే, ఇంకొందరు ఆత్రంలో దాని మీదే నీళ్లు కొట్టి కడిగేశారు. 134 మంది చనిపోయారు. 1969 నాటికి ఏ ట్రిపుల్ ఎఫ్‌కి సైనిక ప్రమాణం వచ్చింది, నౌకల నుంచి విమానాశ్రయాలకు, చమురు నిల్వ కేంద్రాలకు పాకింది. అది ఎన్నో ప్రాణాలు కాపాడింది. దాని తర్వాతి కథ చెప్పేటప్పుడు ఈ మాట మింగేయడం నాకు న్యాయం అనిపించదు.

అగ్నిమాపక శాఖల వాళ్లకు నీళ్లకు విశేషణాలు తగిలించే అలవాటు ఎక్కువే. వెట్ వాటర్ అని ఒకటుంది, అక్షరాలా 'తడి నీళ్లు'. గడ్డివాములు, దూది బేళ్ల లోపలికి బాగా ఇంకేలా సబ్బుగుణం కలిపిన నీళ్లన్నమాట. డ్రై వాటర్ కూడా ఉంది! అందులో ఒకటి నీళ్లే కాదు, గది తడవకుండా మంట ఆర్పే ఒక ద్రవానికి వచ్చిన ముద్దుపేరు. వీటి పక్కన పెడితే లైట్ వాటర్ పెద్ద అబద్ధమేమీ కాదు.

పేరు పోయింది, సరుకు పోలేదు

ఆ పొరను అంత బాగా పరిచిన ఫ్లోరిన్ సబ్బులే తర్వాత తలనొప్పి అయ్యాయి. కార్బన్, ఫ్లోరిన్ల మధ్య బంధం కర్బన రసాయనాల్లో అన్నిటికంటే గట్టి ఏక బంధాల్లో ఒకటి. మంటకు తట్టుకునే ఆ గుణమే, నేలలో పడ్డాక ఎండకూ వానకూ సూక్ష్మజీవులకూ లొంగకుండా చేసింది. ఈ కుటుంబం మొత్తాన్ని పీఎఫ్‌ఏఎస్ అంటున్నారు. లైట్ వాటర్ బ్రాండులో ఉన్నది అందులో పీఎఫ్‌ఓఎస్ అనే రకం. ఏళ్ల తరబడి ఫోమ్‌తో శిక్షణ మంటలు ఆర్పిన మైదానాల కింద, విమానాశ్రయాల చుట్టూ, సైనిక స్థావరాల దగ్గర అది భూగర్భజలంలో తేలింది. శరీరంలోకి వెళితే పూర్తిగా పోవడానికి ఏళ్లు పడుతుంది.

2000 మే నెలలో 3ఎం ఈ రసాయనాల తయారీ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది, దాంతో లైట్ వాటర్ బ్రాండు కూడా ఆగింది. 2009లో పీఎఫ్‌ఓఎస్‌ను, త్వరగా నశించని విష రసాయనాలను అదుపుచేసే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో చేర్చారు. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 'క్యాన్సర్ కారకం కావచ్చు' అన్న వర్గంలో పెట్టింది, దాని దగ్గరి బంధువు పీఎఫ్‌ఓఏను కచ్చితమైన కారకాల్లో పెట్టింది. 2024లో అమెరికా పర్యావరణ సంస్థ తాగునీటిలో ఈ రెండింటికీ విధించిన పరిమితి లక్ష కోట్లలో నాలుగు పాళ్లు. మామూలు నీళ్లలో సహజంగా ఉండే డ్యుటీరియాన్ని పది లక్షలకు ఇన్ని అని లెక్కపెడుతున్నాం. ఇక్కడ లెక్క లక్ష కోట్లకు వెళ్లింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. లైట్ వాటర్ ఆగింది కానీ ఏ ట్రిపుల్ ఎఫ్ ఆగలేదు. మిగతా కంపెనీలు వేరే పద్ధతిలో చేసిన ఫ్లోరిన్ సబ్బులతో దాన్ని అమ్ముతూ వచ్చాయి. కాబట్టి రెండూ ఒకటే అనుకుంటే పొరపాటు. పాత గోదాములో 'లైట్ వాటర్' అని అచ్చేసిన డ్రమ్ము దొరికితే, అందులో పీఎఫ్‌ఓఎస్ ఉందనుకుని జాగ్రత్తపడటమే మంచిది. డ్రమ్ము మీద ఉత్త ఏ ట్రిపుల్ ఎఫ్ అని ఉంటే ఏ రసాయనమో చీటీ చదివి తెలుసుకోవాలి, అయినా ఫ్లోరిన్ మాత్రం ఉంటుంది.

ఫ్లోరిన్ లేని ఫోమ్‌లు ఇప్పుడు వాటి చోటికి వస్తున్నాయి. 2023 జనవరిలో అమెరికా రక్షణ శాఖ వాటికి కొత్త ప్రమాణం విడుదల చేసింది. అవి పెట్రోలు మీద నీటి పొర వేయలేవు. చిక్కటి నురగ దుప్పటి కప్పి మాత్రమే మంటను అణచాలి, అందుకని కొట్టే పద్ధతీ నాజిళ్లూ కూడా మార్చుకోవాల్సి వస్తోంది. నీళ్లు తేలడం ఆగిపోయింది కాబట్టి వాటికి లైట్ వాటర్ అన్న పేరు ఎలాగూ నప్పదు.

మార్చడం అంటే పాత డ్రమ్ము తీసి కొత్తది పెట్టడం అనుకుంటారు. ఫ్లోరిన్ సబ్బులు ట్యాంకు గోడలకూ పైపులకూ అంటుకుని ఉంటాయి, ఒకసారి కడిగితే పోవు. ఫైరింజను ట్యాంకును మామూలు నీళ్లతో మళ్లీ మళ్లీ నింపి, ఖాళీ చేసి, పరీక్షించి చూడాలి. అలా కడిగిన నీళ్లను కాలవలోకి వదలడానికి వీల్లేదు. విడిగా పట్టి, మూత బిగించి, చీటీ అంటించి, శుద్ధి చేసే చోటికి పంపాలి.